లెక్కల భయం లేని జిల్లా

మా జిల్లాలో లెక్కలంటే భయపడే పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ ఏడాది ఆగస్టు వరకూ ఎవరికీ తెలీదు. వాళ్ళ లెక్కల టీచర్లకి తెలుసు. కానీ టీచర్లకి తెలిస్తే తెలిసినట్టు కాదు. దానికొక పత్రం ఉండాలి, పత్రంలో అంకె ఉండాలి, అంకె కింద సంతకం ఉండాలి.

ఆగస్టులో జిల్లా అంతటా తొమ్మిదో తరగతికి ఒక పరీక్ష పెట్టారు. మా జీడివలస హైస్కూల్లో నలభైమంది రాస్తే లెక్కల్లో ఇరవై ఏడుమంది తప్పారు. వాళ్ళ లెక్కల టీచర్ని నేనే. పేరు కోరాడ పైడితల్లి, సర్వీసు పదహారేళ్ళు.

తప్పినవాళ్ళందరిలోనూ అడుగున ఉన్న పిల్ల నూకరత్నం. వందకి తొమ్మిది. సగానికి మూడోవంతు కలిపితే ఎంత అని అడిగితే, రెండు బై అయిదు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కూడా గీసింది. వాళ్ళమ్మ ఎర్నమ్మ మా స్కూల్లోనే మధ్యాహ్న భోజనం వండుతుంది. పేపరు పట్టుకుని వంటగదికి వెళ్ళాను.

"మా గుంటకి లెక్కలు రావు మేడం," అంది ఎర్నమ్మ, గరిటె తిప్పడం ఆపకుండా. "మా వొంశంలోనే నేవు. ఆల అయ్యకీ రావు, నాకూ రావు. పది గట్టెక్కించీండి సాలు. కుట్టుమిషను నేర్పించెత్తాను."

నూకరత్నం పక్కనే నిలబడి బీన్స్ తుంచుతోంది. తలెత్తకుండా అంది, "నాను కరెంటు డిప్లొమా సదుతానమ్మా."

ఆ డిప్లొమాకి ప్రవేశ పరీక్ష ఉంది. అందులో సగం మార్కులు లెక్కలవే.

మర్నాడు సాయంత్రం బడి వదిలాక ఆ పిల్లని కూర్చోబెట్టి ఒక్కో తరగతే వెనక్కి వెళ్ళాను. ఎనిమిదో తరగతి లెక్క ఇచ్చాను, రాలేదు. ఏడోది రాలేదు. ఆరోది రాలేదు. అలా దిగుతూ దిగుతూ అయిదో తరగతిలో ఆగాం. అయిదులో ఉండగా నూకరత్నానికి పచ్చకామెర్లు వచ్చాయట. రెండు నెలలు బడికి రాలేదు. భిన్నాలు చెప్పింది ఆ రెండు నెలల్లోనే. కామెర్లు పసరు మందుకి తగ్గిపోయాయి. భిన్నాలు మాత్రం తగ్గలేదు.

"సగం రొట్టె తిన్నావు," అన్నాను. "ఇంకా ఆకలేసి మూడోవంతు తిన్నావు. మొత్తం తిన్నది సగం కంటే ఎక్కువా, తక్కువా?"

"ఎక్కువే కదా మేడం."

"నువ్వు రాసిన రెండు బై అయిదు, సగం కంటే ఎక్కువా, తక్కువా?"

చాలాసేపు ఆలోచించింది. కాగితం మీద అయిదు గడులు గీసి రెండు గడులు నలుపు చేసింది. "తక్కువ," అంది. తర్వాత కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "అయితే ఇది తప్పు!" అంది. గుడిలో ప్రసాదం దొరికినంత సంతోషంగా అంది.

రోజుకి అరగంట కూర్చుంటే ఫిబ్రవరికల్లా తొమ్మిదో తరగతికి చేరుకోవచ్చని నేను లెక్కేశాను. మూడు రోజులు కూర్చున్నాం. నాలుగో రోజు ఉత్తర్వు వచ్చింది.

"విషయము: విద్యార్థులలో గణిత భయ నిర్మూలన – 'గణిత నిర్భయ' కార్యక్రమము అమలు – ఆదేశములు జారీ చేయుట గురించి" అని మొదలై నాలుగు పేజీలు ఉంది. సారాంశం ఏమిటంటే, జిల్లాలో లెక్కల టీచర్లందరూ శనివారం జిల్లా కేంద్రంలోని కల్యాణమండపానికి శిక్షణకి రావాలి.

శిక్షణ ఇచ్చింది ఆ కార్యక్రమానికి ప్రత్యేకాధికారిగా వేసిన విశ్వంభర్ గారు. ఆయన ఏదో చల్లని కొండ మీద మూడు రోజుల శిబిరానికి వెళ్ళి, పిల్లల మనసు పూర్తిగా తెలుసుకుని వచ్చారు.

"పిల్లవాడికి లెక్క రాకపోవడం సమస్య కాదు," అన్నారాయన మైకులో. "రాలేదని తెలియడం సమస్య! ఆ విషయం వాడికి తెలియజేస్తున్నది ఎవరు?" అని ఆగి, వేలు చాపి హాలంతా తిప్పారు. "మీరు!"

మేమంతా తలలు దించుకున్నాం.

"తప్పు అనే ఈ రెండక్షరాలు పసి హృదయం మీద చేసే గాయం ఏ ఎక్స్‌రేకీ అందదు. కనుక నేటి నుంచి ఈ జిల్లాలో తప్పు లేదు!"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో హెడ్మాస్టర్లు మొదలుపెట్టారు కాబట్టి మేమూ కొట్టాం. తర్వాత నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాస్తే?"

"దాన్ని మీరేమంటారు?"

"తప్పంటానండి."

విశ్వంభర్ గారు జాలిగా నవ్వారు. "అది తప్పు కాదమ్మా. అది ప్రయాణంలో ఉన్న సమాధానం. యాభై ఆరుకని బయల్దేరింది. దారిలో ఉంది."

"దారిలోనే ఉండిపోతే అండీ?"

"బయల్దేరిన ధైర్యాన్ని అభినందించాలి."

పక్కనున్న పెద్ద మాస్టారు నా చేతిసంచి లాగారు. "కూర్చోవమ్మా తల్లీ. అవతల పులిహోర చల్లారిపోతోంది."

సోమవారం ఎర్ర పెన్నులన్నీ హెడ్మాస్టరు లింగరాజు గారికి అప్పగించి సంతకాలు చేశాం. ఆయన వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "నాకింకా పద్నాలుగు నెలల సర్వీసుంది మేడం. ఆ పద్నాలుగు నెలలూ ఆ రెండక్షరాలు మీ నోట్లోంచి రాకుండా చూసుకోండి."

ఇక భయాన్ని తగ్గించాలంటే ముందు కొలవాలి కదా. అందుకు 'భయ మాపక పత్రం' ఇచ్చారు. ఇరవై నాలుగు గడులు. లెక్కల పుస్తకాన్ని చూసినప్పుడు భయం ఎంత, మోసినప్పుడు ఎంత, తెరిచినప్పుడు ఎంత, మూసినప్పుడు ఎంత అని ప్రతి పిల్లా ప్రతి సోమవారం, ప్రతి శనివారం పదికి ఇన్ని అని మార్కులు వేసుకోవాలి. వాటన్నిటికీ తరగతి సగటు కట్టాలి, ఆడపిల్లల సగటు, మగపిల్లల సగటు వేరువేరుగా కట్టాలి, పోయిన వారం మీద ఎంత శాతం తగ్గిందో తేల్చాలి, యాప్‌లో ఎక్కించాలి. వారానికి ఆరు లెక్కల పీరియడ్లుంటే అయిదు దీనికే పోయాయి. ఆరోది యాప్ తెరుచుకోవడానికి సరిపోయింది. లెక్కలు చెప్పడం ఆగిపోయింది కాబట్టి, లెక్కల వల్ల కలిగే భయం కూడా నిజంగానే కొంత తగ్గింది.

మొదటి సోమవారం ఒక పిల్ల లేచి అడిగింది. "మేడం, లెక్కలంటే నాకు మూడు. ఈ ఫారం అంటే తొమ్మిది. ఎక్కడ రాయాలి?"

ఫారం మీద భయానికి ఫారంలో గడి లేదు. మూడే వేయించాను.

ఇరవై నాలుగు గడులకీ సగటు కట్టడం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. పిల్లలకి పంచాను. నూకరత్నం వంతుకి 'తెరిచినప్పుడు' గడి వచ్చింది.

"నాకు రావు మేడం," అంది.

"రాకపోయినా ఫర్వాలేదు. జిల్లాలో తప్పు లేదన్నారుగా. నలభైమంది అంకెలు కూడి నలభై పెట్టి భాగించు."

రెండొందల యాభై రెండు వచ్చిందట. నలభై పెట్టి భాగించి అరవై మూడు అని రాసింది. నిబంధన ప్రకారం దానికి టిక్కు పెట్టి, శభాష్ అని, యాప్‌లో ఎక్కించాను. ఫోను కుయ్యిమంది. తెర నిండా ఎర్రక్షరాలు వచ్చాయి: 'నమోదు తప్పు. సరిచూడండి.'

మొత్తం జిల్లాలో తప్పుని తప్పు అనే అధికారం ఆ ఒక్క యాప్‌కే మిగిలింది.

నూకరత్నం నా భుజం మీంచి చూసింది. "తప్పా మేడం?"

వరండాలో లింగరాజు గారు అటూ ఇటూ తిరుగుతున్నారు. "యాప్ అంటోంది," అన్నాను. "నేననడం లేదు."

"ఎక్కడ?"

పదహారేళ్ళ సర్వీసులో ఆ మాట నేను చాలా కొద్దిసార్లు విన్నాను. తప్పు అని తెలిశాక పిల్లలు మామూలుగా అడిగేది, "మరి ఆన్సరెంత?" అని. ఎక్కడ అని అడగరు.

"వంటగదికి రా," అన్నాను.

వంటగదిలో తప్పు అనకూడదని నాలుగు పేజీల ఉత్తర్వులో ఎక్కడా లేదు. అన్నం వార్చేసి ఎర్నమ్మ గిన్నెలు కడుక్కుంటుంటే మేమిద్దరం బియ్యం బస్తాల మీద కూర్చున్నాం.

"పదికి మించి ఎవరైనా వేశారా?"

"నేదు మేడం. పదే పెద్దది."

"అందరూ పదీ, పదిలోపూ వేస్తే సగటు అరవై మూడు ఎలా వస్తుంది?"

పెన్సిలు తీసుకుని మళ్ళీ భాగించింది. ఆరు సార్లు నలభై రెండొందల నలభై, మిగిలింది పన్నెండు. ఆ పన్నెండుని ఏం చెయ్యాలో ఆమెకి తెలీదు. దశాంశాలు కూడా ఆ కామెర్ల తర్వాతి సరుకే. అక్కణ్ణించి చెప్పాను. ఆరు పాయింట్ మూడు వచ్చేసరికి ఎర్నమ్మ గిన్నెలు బోర్లించేసింది.

అలా రోజూ వంటగదిలో కూర్చున్నాం. ఆమె చేసేది, నేను తప్పు అనేదాన్ని, ఎక్కడ అనేది. వారం పది రోజులు విని ఎర్నమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఏటి మేడం, పొద్దస్తమానం గుంటని తప్పు తప్పంతారు? ఆ పెద్దాయన అనొద్దన్నాడంట కదా?"

"నువ్వూరుకోయే అమ్మా!" అని కసిరింది నూకరత్నం. "తప్పని సెప్పకపోతే నాకెలగ తెలస్తాది?"

మిగిలిన సబ్జెక్టుల సంగతేమో గాని, భయ మాపక పత్రం పుణ్యమా అని వారానికి రెండుసార్లు ఇరవై నాలుగు సగటులూ, ఇరవై నాలుగు శాతాలూ కట్టే అభ్యాసం దొరికింది. అలాంటిది ప్రపంచంలో ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేదు. దసరాకి సగటులు ఆమె ఒక్కతే కట్టింది. దీపావళికి శాతాలు వచ్చాయి. నవంబరులో ఒకరోజు నేను కట్టిన శాతం చూసి, "మేడం, మీరు పోయిన వారం మీద కాకుండా ఈ వారం మీద కట్టేసినారు," అంది. చూసుకుంటే నిజమే. ఎక్కడ అని నేను అడగకముందే చెప్పింది.

ఇలా ఉండగా జిల్లా భయం కూడా తగ్గుతూ వచ్చింది. మొదటి వారం చాలా బడుల నుంచి అంకెలు అందలేదు కాబట్టి, తొలి భయాన్ని పదికి పదిగా భావించాలని విశ్వంభర్ గారు ఆదేశించారు. తర్వాత, అయిదు కంటే ఎక్కువ భయం వేసుకున్న పిల్లలకి ఆదివారం పూట ధైర్యం క్లాసు ఉంటుందని ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. ఆ వారమే జిల్లా భయం నాలుక్కి పడిపోయింది. పిల్లలు ఆదివారాన్ని ఎంతగా ప్రేమిస్తారో ఆ చల్లని కొండ మీద ఎవరూ చెప్పలేదు కాబోలు, ఆయన ఇది తన పద్ధతి విజయమే అనుకున్నారు.

అయితే నాలుగు మిగిలింది. మిగిలిన నాలుగూ ఎక్కడుందో వెతికి రెండో దశ ప్రకటించారు.

"తెలియనిదే భయానికి మూలం. గణితంలో తెలియనిది ఏది? ఎక్స్! విద్యార్థికి ఎక్స్ విలువ తెలియకుండా దాచి ఉంచడం అమానుషము. కావున జిల్లా అంతటా ఏకరూపత నిమిత్తం ఇకపై ఎక్స్ విలువ 7 గా నిర్ణయించడమైనది. ఉపాధ్యాయులు తదనుగుణంగా సమీకరణములను సవరించుకొనవలెను." అదే ఉత్తర్వులో భిన్నాలని భిన్నాలు అనకూడదు, అందులో విడిపోవడం అనే బాధ ధ్వనిస్తోంది కాబట్టి 'చిన్ని సంఖ్యలు' అనాలి అని కూడా ఉంది.

అమలు ఎలా ఉందో చూడ్డానికి ఒక పర్యవేక్షకుడు మా బడికి వచ్చారు. ఆయన అడుగు పెట్టేటప్పటికి బోర్డు మీద ఎక్స్ ప్లస్ మూడు ఈజ్ ఈక్వల్ టు అయిదు అని ఉంది.

"ఎక్స్ ఎంత?" అన్నారాయన.

"ఏడు!" అంది తరగతి ఒకే గొంతుతో.

ఒక్క గొంతు మాత్రం "రెండు" అంది.

ఆయన అటు తిరిగారు. "లేమ్మా. పేరు?"

"నూకరత్నం సార్."

"జిల్లా ఆఫీసు ఏడు అన్నాక నువ్వు రెండంటావేంటి?"

"ఏడూ మూడూ పది కదా సార్. ఇక్కడ అయిదుంది."

"మరదే!" అన్నారాయన సంతోషంగా. స్వయంగా బోర్డు దగ్గరికి వెళ్ళి, అయిదు చెరిపి పది వేశారు. చేతులు దులుపుకున్నారు. "ఇప్పుడు చూడు. భయం పోయిందా?"

నూకరత్నం నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గాని, ఆ వేళ అలాగే చూశాను.

జనవరికల్లా జిల్లా భయం నాలుగు నుంచి సున్నా పాయింట్ ఎనిమిదికి దిగింది. జిల్లాని 'లెక్కల భయ రహిత జిల్లా'గా ప్రకటించడానికి సభ తలపెట్టారు. రాజధాని నుంచి ఒక పెద్ద ఆఫీసరమ్మ వస్తున్నారు. సభ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు యాప్ వెతికి చూశారు. మొత్తం జిల్లాలో సెప్టెంబరు తర్వాత ఒక్కసారి కూడా ఎర్రక్షరాలు చూడని బడి మాదే. అంకెలన్నీ కట్టింది నూకరత్నం. కాబట్టి సభ మా బడిలో, జిల్లా నివేదిక చదవడం నూకరత్నం చేత.

ఎర్నమ్మ కూతురికి కొత్త లంగా వోణీ కుట్టించింది. లింగరాజు గారు గోడలకి సున్నం వేయించారు. సభ ముందురోజు మధ్యాహ్నం నూకరత్నం నివేదిక పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చింది.

"మేడం, ఇది తప్పు."

నివేదికలో చివరి వాక్యం: 'జిల్లాలో గణిత భయం 140 శాతం తగ్గినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.' అదే వాక్యం బయట ఫ్లెక్సీ మీద మనిషెత్తు అక్షరాల్లో కడుతున్నారు.

"వంద శాతం తగ్గితే ఇంకేటీ మిగల్దు కదా? ఇంకో నలభై శాతం ఎక్కణ్ణించి తగ్గింది?"

తలుపు వేసి వచ్చాను. "నాకు తెలుసు. రేపొక్క రోజుకీ చదివెయ్యి."

"మరి వంటగదిలో రోజూ ఎందుకు సెప్పినారు?"

బెల్లు కొట్టారు, తరగతికి పొమ్మన్నాను. ఆ సాయంత్రం బస్సెక్కేముందు వెనక్కొచ్చి వంటగది దగ్గర ఆ పిల్లని పిలిచాను. "నీకెలా సరైందనిపిస్తే అలా చెయ్యి," అన్నాను. ఇంతకంటే ధైర్యం ఆ పూటకి నాకు దొరకలేదు.

సభ ఘనంగా మొదలైంది. విశ్వంభర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత నూకరత్నం మైకు దగ్గరికొచ్చి నివేదిక చక్కగా చదువుతూ చదువుతూ చివరి వాక్యం దగ్గర ఆగింది.

"ఇది నూట నలభై కాదు సార్," అంది మైకులోనే. "తొంభై రెండు."

వేదిక మీద కుర్చీలు కిర్రుమన్నాయి. విశ్వంభర్ గారు నవ్వు చెదరకుండా వంగి, "మొదటి దశలో ఎంత శాతం తగ్గిందమ్మా?" అన్నారు.

"అరవై సార్."

"రెండో దశలో?"

"ఎనభై."

"కూడితే?"

"నూట నలభై సార్. కానీ కూడకూడదు."

"కూడికలు కూడా కూడదంటోంది!" అని ఆయన సభ వైపు తిరిగి నవ్వారు. వేదిక కూడా నవ్వింది. నూకరత్నం నవ్వలేదు. నివేదిక వెనక్కి తిప్పి, అక్కడ తను వేసిన లెక్క సభకి కనపడేలా పట్టుకుని, వంటగదిలో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ముందు పది ఉంది సార్. అందులో అరవై శాతం పోతే నాలుగు మిగిలింది. రెండోసారి ఎనభై శాతం తగ్గింది ఆ నాలుగులోంచి గాని పదిలోంచి కాదు. నాలుగులో ఎనభై శాతం పోతే సున్నా పాయింట్ ఎనిమిది మిగిలింది. అంటే పదిలో పోయింది తొమ్మిది పాయింట్ రెండు. వందకి తొంభై రెండు."

రాజధాని నుంచి వచ్చిన ఆఫీసరమ్మ విశ్వంభర్ గారి వైపు తిరిగి, "ఏది కరెక్టండీ?" అని అడిగారు. ఆయన పక్కనున్న డిప్యూటీ గారిని అడిగారు. డిప్యూటీ గారు గణాంకాల సూపరింటెండెంట్ని అడిగారు. సూపరింటెండెంటు, తాను వృక్షశాస్త్రం చదివాననీ, ఆ అంకె ఫ్లెక్సీ మీద చూసి వేసుకున్నాననీ చెప్పారు. ఫ్లెక్సీ కట్టిన మనిషిని పిలిచారు. "మీ ఆఫీసు కాయితంలో ఉన్నదే కొట్టాను సార్," అన్నాడతను. ఆఫీసు కాగితం మళ్ళీ విశ్వంభర్ గారి చేతికే వచ్చింది. ఆయన దాన్ని చూశారు. చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. చూపు కాగితం మీంచి మైకుకి, మైకు మీంచి కాగితానికి పరుగులు తీసింది. కింద కూర్చున్న మూడొందల మంది పిల్లలు ఆయన్ని కన్నార్పకుండా చూస్తున్నారు. వాళ్ళందరికీ ఆ చూపు బాగా తెలుసు.

చివరికాయన మైకు అందుకున్నారు. "తొంభై రెండంటే జిల్లాకి నలభై ఎనిమిది శాతం నష్టం! ఈ నష్టానికి బాధ్యులెవరు?"

బాధ్యులెవరో వారం రోజుల్లో మెమో రూపంలో తెలిసింది. నామీద మూడు అభియోగాలు. ఒకటి, పాఠశాల ఆవరణలో నిషిద్ధ పదమైన 'తప్పు'ను పలుమార్లు ఉచ్చరించుట. రెండు, చిన్ని సంఖ్యలను భిన్నములని పిలుచుట. మూడు, సభలో జిల్లాకు నష్టము కలుగునట్లు విద్యార్థినిని ప్రేరేపించుట.

విచారణకి సనపల తవిటయ్య గారని ఒక ఉప విద్యాధికారి వచ్చారు. నెరిసిన జుట్టు, భుజానికి గుడ్డ సంచి, నెమ్మదైన మనిషి. హెడ్మాస్టరు గదిలో లింగరాజు గారు, నేను, సాక్షిగా నూకరత్నం కూర్చున్నాం.

"మొదటి రెండూ నిజమేనా అమ్మా?" అన్నారాయన.

"నిజమేనండి."

"మూడోది?"

"మేడం చదివెయ్యమనే చెప్పింది సార్," అంది నూకరత్నం. "తర్వాత నా ఇష్టం అంది. నానే సెప్పీసినాను."

ఆయన రాసుకున్నారు. "అంటే మూడింట్లో రెండు రుజువు. కింద 'దోష శాతము' అని ఒక గడి ఉంది. యాభై లోపైతే మందలింపు, యాభై దాటితే బదిలీ." కాసేపు కలం ఆడించి, "రెండు... మూడు..." అని గొణుక్కుని, ఇరవై మూడు శాతం అని వేశారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. లింగరాజు గారు కూడా పీల్చుకున్నారు.

"తప్పు సార్," అంది నూకరత్నం.

లింగరాజు గారు బీరువా పట్టుకుని నిలబడ్డారు. తవిటయ్య గారు కళ్ళద్దాలు పైకి జరుపుకున్నారు.

"ఏమన్నావమ్మా?"

"మూడింట్లో రెండంటే సగం కంటే ఎక్కువ కదా సార్. ఇరవై మూడు సగం కంటే తక్కువ."

ఆయన అంకెని చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. "ఆఫీసులో చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది," అన్నారు చివరికి. "ఎన్ని శాతాలు వేశానో. తప్పని ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు. అందరూ కింద సంతకం పెట్టేవాళ్ళే." కాగితం ఆమె వైపు జరిపారు. "ఎక్కడ?"

ఇద్దరూ తలలు దగ్గరికి పెట్టి కూర్చున్నారు. రెండుని మూడుతో ఎలా భాగించాలో, వందతో ఎందుకు హెచ్చించాలో ఆమె నెమ్మదిగా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆయన దారి తప్పారు, రెండుసార్లూ చెప్పింది. అరవై ఆరు పాయింట్ ఆరు ఆరు అని వేస్తూ వేస్తూ ఆయన తలెత్తారు.

"ఇదెప్పటికి ఆగుతుందమ్మా?"

"ఆగదు సార్. ఎంత రాసినా ఇంకా మిగుల్తాది."

"భలేగా ఉందే!" అన్నారాయన. అంతలో గడి కింద రాసిన నియమం కళ్ళబడి ఆయన మొహం వాడిపోయింది. నూకరత్నానికీ అప్పుడే అర్థమైంది. నా వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు. "మేడం... నాను..."

"ఎక్కడా తప్పు లేదు," అన్నాను. "సరిగ్గా చేశావు. వెయ్యండి సార్, అరవై ఆరే వెయ్యండి."

నేను భిన్నాలు నేర్పిన పిల్ల నా దోషాన్ని ఇరవై మూడు నుంచి అరవై ఆరుకి పెంచింది. లెక్కల టీచరుకి ఏ జిల్లా ఇంతకు మించిన అవార్డు ఇవ్వగలదో నాకు తెలీదు.

బదిలీ ఉత్తర్వు మార్చిలో వచ్చింది. యాభై కిలోమీటర్ల అవతల, కొండ కింద ఒక చిన్న హైస్కూలు. రోజుకి రెండే బస్సులు. ఆ బడికి ఇంకా యాప్ పని చేసేంత సిగ్నలు లేదు. నేను మొదటి రోజే బోర్డు మీద లెక్కేసి, మొదటి తప్పుని తప్పు అన్నాను. ఎవరూ ఏడవలేదు.

విశ్వంభర్ గారు కొన్నాళ్ళు కనపడలేదు. తర్వాత సైన్సు భయం మీద ప్రత్యేకాధికారి అయ్యారని విన్నాను.

మరుసటేడు పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. వెనక గిన్నెల చప్పుడు, ఎర్నమ్మ ఎవరికో లడ్డూలు పంచుతున్న గొంతు.

"మేడం, నాను నూకరత్నాన్ని. లెక్కల్లో డెబ్బై ఒకటి."

"డెబ్బై ఒకటా!" అన్నాను. ఆ పిల్ల ఆగలేదు.

"ఇరవై తొమ్మిది పోయాయి కదా మేడం. పొద్దుట్నించీ ప్రశ్నపత్రం ముందరెట్టుకుని చూస్తున్నాను, ఎక్కడ పోయాయోనని. ఇరవై ఆరు దొరికాయి. మూడు దొరకట్నేదు." గొంతులో నవ్వుంది, తొందరుంది. "మీ ఊరికి రేపు మొదటి బస్సు ఎన్నింటికి?"